స్థానభ్రంశ చర్యలో దిగుబడి: 90 శాతం అంటే ఎంత జరిగినట్టు?

2 గ్రాముల ఇనుప రజనును కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేస్తే కాసేపటికి ఇనుము మీద ఎర్రటి రాగి పేరుకుంటుంది, ద్రావణం నీలిరంగు పలచబడుతుంది. అడుగున చేరిన ఘనపదార్థాన్ని వడపోసి, ఆరబెట్టి తూస్తే 2.05 గ్రాములు వచ్చిందనుకుందాం. లెక్క ప్రకారం రావలసిన రాగి 2.28 గ్రాములు. భాగించి నూరుతో గుణిస్తే 90 శాతం. ల్యాబ్ రికార్డులో ఈ అంకె వేసి, దాని కింద "వడపోతలో కొంత రాగి పోయింది" అని రాస్తే చాలామందికి ప్రయోగం అయిపోయినట్టే.

ఆ వాక్యం నిజమే కావచ్చు. అయితే ఇదే 2.05 గ్రాములు, ఒక్క రేణువు కూడా పోకుండా, ఇనుములో ఐదో వంతైనా చర్య జరగని బీకరులోంచి కూడా రాగలవు. ఆ లెక్కకు వచ్చే ముందు 2.28 ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. దిగుబడి శాతం ఒక భిన్నం. లవంలో తప్పు ఉందా అని అందరూ వెతుకుతారు. హారాన్ని అనుమానించేవాళ్లు తక్కువ.

హారంలో దాగిన ఊహలు

ఒక మూలకం ఒక సమ్మేళనంలోని మరో మూలకాన్ని బయటికి నెట్టి దాని చోటు తీసుకోవడమే స్థానభ్రంశ చర్య. ఇక్కడ ఇనుము రాగిని నెట్టేస్తుంది:

ఇనుము + కాపర్ సల్ఫేట్ → ఫెర్రస్ సల్ఫేట్ + రాగి

ఒక మోల్ (పరమాణువుల్ని గుంపుగా లెక్కపెట్టే కొలమానం) ఇనుముకు ఒక మోల్ రాగి. ఇనుము పరమాణు భారం 55.85, రాగిది 63.55. కాబట్టి 2.00 గ్రాముల ఇనుము అంటే 0.0358 మోల్. అన్ని మోల్‌ల రాగి బరువు 2.28 గ్రాములు. ఇదే సైద్ధాంతిక దిగుబడి. దీనికి కావలసినంత కాపర్ సల్ఫేట్ కూడా బీకరులో ఉండాలి. 12 గ్రాముల నీలి స్ఫటికాలు 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి ఉంటే అది 0.048 మోల్, అంటే అవసరానికి మించి ఉంది. ముందు అయిపోయేది ఇనుము. అందుకే ఈ లెక్కలో ఇనుము పరిమిత కారకం, రాగి ఎంత రావాలో అదే నిర్ణయిస్తుంది.

ఇక్కడిదాకా సులభమే. కానీ ఇందులో కనీసం మూడు ఊహలు కలిసిపోయాయి: సమీకరణం సరైనదే, తూచిన పదార్థం స్వచ్ఛమైనదే, దాని సూత్రం మనం అనుకున్నదే. వీటిలో ఏది తప్పినా, చేయి ఎంత జాగ్రత్తగా పనిచేసినా ఫలితం తప్పుగానే కనిపిస్తుంది.

మొదట సూత్రం సంగతి. ప్రయోగశాలలో దొరికే నీలి కాపర్ సల్ఫేట్, అంటే మైలుతుత్తం, ప్రతి అణువుకు ఐదు నీటి అణువుల్ని మోస్తుంది. స్ఫటికజలంతో కలిపి దాని మోలార్ ద్రవ్యరాశి 249.7 గ్రాములు. నీరు లేని తెల్లటి కాపర్ సల్ఫేట్‌ది 159.6. ఇనుము ఎక్కువగా వేసి, కాపర్ సల్ఫేట్‌ను పరిమిత కారకంగా పెట్టి చేసే ప్రయోగంలో 10 గ్రాముల నీలి స్ఫటికాలు వాడితే నిజంగా రావలసిన రాగి 2.55 గ్రాములు. స్ఫటికజలం మరిచిపోయి లెక్క వేస్తే 3.98 గ్రాములు రావాలని తేలుతుంది. అప్పుడు ప్రయోగం నూటికి నూరు పాళ్లు విజయవంతమైనా దిగుబడి 64 శాతమే కనిపిస్తుంది.

సమీకరణం తప్పితే కూడా ఇలాంటి అంకే వస్తుంది. ఇనుముకు రెండు అయాన్ రూపాలున్నాయి: రెండు ధనావేశాల ఫెర్రస్, మూడు ధనావేశాల ఫెర్రిక్. ఫెర్రిక్ సల్ఫేట్ ఏర్పడుతుందనుకుంటే రెండు ఇనుప పరమాణువులకు మూడు రాగి పరమాణువులు రావాలి. 2 గ్రాముల ఇనుముకు 3.41 గ్రాముల రాగి అన్నమాట. ఈ హారంతో నిజమైన 2.28 గ్రాముల్ని భాగిస్తే 67 శాతం. ఫెర్రిక్ ఎందుకు ఏర్పడదు? ఫెర్రిక్ అయాన్ ఫెర్రస్‌గా మారే ప్రమాణ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్లను లాక్కునే గుణానికి కొలత) +0.77 వోల్టులు, రాగి అయాన్ లోహంగా మారేది +0.34. అంటే ఫెర్రిక్ అయాన్లు అక్కడ ఉంటే అప్పుడే పుట్టిన రాగిని మళ్లీ కరిగించేస్తాయి. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల మీద అక్కర్లేని రాగిని తొలగించడానికి ఫెర్రిక్ క్లోరైడ్ వాడేది ఈ గుణం వల్లనే. కాబట్టి ఎవరి రికార్డులోనైనా 64, 67 దగ్గర అంకె కనిపిస్తే బీకరు కంటే ముందు నోటుపుస్తకాన్ని అనుమానించడం మంచిది.

స్వచ్ఛత గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. తుప్పు, నూనె పూత, మేకుల మీద జింకు పూత ఇవన్నీ ఇనుము బరువులో కలిసి తూగుతాయి. శుభ్రం చేసి, ఆరబెట్టి తూస్తే చాలావరకు తీరిపోయే సమస్య.

చర్య జరగకపోయినా 88 శాతం

అసలు చిక్కు పరమాణు భారాల్లో ఉంది. వడపోత కాగితం మీద మిగిలినదంతా రాగి అనుకుని తూస్తాం. అందులో చర్య జరగని ఇనుము కూడా ఉండొచ్చు. ఇనుము 55.85, రాగి 63.55. ఈ రెండూ దగ్గర దగ్గర అంకెలు కావడం వల్ల, ఇనుము రాగిగా మారిందా లేదా అన్నది తూకంలో సరిగా తేలదు.

రజను చల్లని ద్రావణంలో పడి ఏ చర్యా జరగలేదనుకుందాం. వడపోస్తే 2.00 గ్రాముల ఇనుమే తిరిగి వస్తుంది. దాన్ని 2.28తో భాగిస్తే 88 శాతం! సగం ఇనుము మాత్రమే చర్యలో పాల్గొంటే 1.14 గ్రాముల రాగి, 1 గ్రాము ఇనుము కలిసి 2.14 గ్రాములు, అంటే 94 శాతం. ఎనభై శాతం ఇనుము చర్య జరిపితే 98 శాతానికి దగ్గరగా వస్తుంది. సున్నా నుంచి నూరు దాకా ఉన్న చర్య మొత్తం 88 నుంచి 100 మధ్య ఇరుక్కుపోతుంది. మొదట చెప్పిన 2.05 గ్రాముల్ని ఈ కోణంలో చూస్తే, ఏ నష్టమూ లేకుండా కేవలం 18 శాతం ఇనుము చర్య జరిపినా ఆ బరువు వస్తుంది. పూర్తిగా చర్య జరిగి పదో వంతు రాగి కాగితంలోంచి జారిపోయినా అదే బరువు. తూకం ఒక్కటే చూసి ఈ రెండింటినీ విడదీయలేం.

జింకుతో పరిస్థితి ఇంకా విచిత్రం. జింకు పరమాణు భారం 65.38, రాగి కన్నా ఎక్కువ. 2.00 గ్రాముల జింకు పూర్తిగా చర్య జరిపితే 1.94 గ్రాముల రాగే వస్తుంది. చర్య అసలు జరగకపోతే తూకం 2.00, దిగుబడి 103 శాతం. ప్రయోగం ఎంత విఫలమైతే అంకె అంత పెరుగుతుందన్నమాట.

ఈ దృష్టితో చూస్తే బోధనకు రాగి, సిల్వర్ నైట్రేట్‌ల చర్య మేలైన ఎంపిక. ఒక రాగి పరమాణువు రెండు వెండి పరమాణువుల్ని బయటికి తెస్తుంది. 1 గ్రాము రాగికి దాదాపు 3.4 గ్రాముల వెండి. చర్య జరగకపోతే తూకం 29 శాతం దగ్గరే ఆగిపోతుంది కాబట్టి కొలత నిజంగా ఏదో చెబుతుంది. ఖరీదు వల్ల దాన్ని తక్కువగా చేయిస్తారు, అది వేరే విషయం. అల్యూమినియంతో రాగిని తీస్తే కూడా ఇంచుమించు ఇంతే అంతరం దొరుకుతుంది: 1 గ్రాముకు 3.53 గ్రాములు. దానికున్న సొంత ఇబ్బంది కింద వస్తుంది.

ఇనుముతోనే చేయాలంటే మార్గాలు లేకపోలేదు. ఆరిన పొడి దగ్గరికి అయస్కాంతం తెస్తే లోపల ఇనుము మిగిలి ఉంటే రాగి పూతతో సహా లేచి వస్తుంది. ఖర్చు లేని పరీక్ష ఇది, అయినా చాలా ప్రయోగ సూచనల్లో కనిపించదు. రెండోది, వడపోతకు ముందు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగడం. ఇనుమూ జింకూ అందులో హైడ్రోజన్ బుడగలు వదులుతూ కరిగిపోతాయి, రాగి దాదాపు అలాగే ఉంటుంది. బుడగలు ఆగాక కడిగి తూస్తే అది రాగి బరువు. ఇనుప మేకు వాడితే ఇంకో సౌలభ్యం: మేకు మీది రాగిని గీకేసి, మేకును ముందూ వెనుకా తూస్తే ఎంత ఇనుము కరిగిందో విడిగా తెలుస్తుంది. అప్పుడు హారం లెక్కకు మొదట వేసిన ఇనుమును కాక, నిజంగా ఖర్చయిన ఇనుమును తీసుకోవచ్చు.

సమతాస్థితి మీద నెపం

దిగుబడి తగ్గినప్పుడు పుస్తకాల్లో తరచుగా కనిపించే కారణం "చర్య పూర్తి కాలేదు, సమతాస్థితికి చేరింది" అన్నది, అంటే ముందుకూ వెనక్కూ చర్య ఒకే వేగంతో సాగి ఆగినట్టు కనిపించే స్థితి. కొన్ని సేంద్రియ చర్యలకు ఇది సరిపోతుంది. ఇక్కడ మాత్రం నప్పదు. ఇనుము ప్రమాణ పొటెన్షియల్ -0.44 వోల్టులు, రాగిది +0.34. తేడా 0.78 వోల్టులు, రెండు ఎలక్ట్రాన్లు మారతాయి. దీన్నిబట్టి గది ఉష్ణోగ్రత దగ్గర సమతాస్థితి స్థిరాంకం (చర్య ఎంత ముందుకు సాగుతుందో చెప్పే అంకె) దాదాపు 10 ఘాతం 26. ఇనుము ఎక్కువగా ఉంటే, లెక్క ప్రకారం లీటరు ద్రావణంలో ఒక్క రాగి అయాన్ కూడా మిగలకూడదు.

చర్య పూర్తి కాకపోతే కారణం వేగంలో వెతకాలి. ఇనుము మీద పేరుకున్న రాగి పొర లోపలి ఇనుముకు ద్రావణం అందకుండా అడ్డుపడుతుంది. మందమైన మేకులో ఇది స్పష్టంగా కనిపిస్తుంది, సన్నని రజనులో తక్కువ. వేడి చేయడం, కలియబెట్టడం, సన్నటి రేణువులు వాడడం, ఎక్కువసేపు ఉంచడం సాయపడతాయి. సమతాస్థితే కారణమైతే సమయం ఎంత ఇచ్చినా లాభం ఉండేది కాదు. తేడా చిన్నదిగా అనిపించినా, ప్రయోగాన్ని బాగు చేయాలనుకునేవాళ్లకు దారి చూపేది ఇదే.

నూరు దాటినప్పుడు

నూరు శాతం దాటిన ఫలితం చూస్తే విద్యార్థులకు టెన్షన్. నిజానికి అది అన్నిటికన్నా నిజాయితీ గల ఫలితం. ఏదో తప్పు జరిగిందని దాచకుండా చెబుతుంది. ద్రవ్యరాశి శూన్యంలోంచి పుట్టదు కాబట్టి, హారం సరైనదే అయితే తూచినదాంట్లో రాగి కానిది ఏదో ఉండాలి.

మొదటి అనుమానం తడి మీదికి పోతుంది, అది న్యాయమే. పొడిని ఆరబెట్టి, చల్లార్చి, తూచి, మళ్లీ ఆరబెట్టి తూయాలి. రెండు తూకాలు ఒకటే అయ్యేదాకా ఇలా చేయాలి. తడి కన్నా మోసకారి సరిగా కడగకపోవడం. పైన చెప్పిన కొలతలతో చర్య పూర్తయ్యాక ద్రావణంలో ప్రతి మిల్లీలీటరుకు ఫెర్రస్ సల్ఫేట్, మిగిలిన కాపర్ సల్ఫేట్ కలిసి, నీరు లేకుండా లెక్కేసినా, 74 మిల్లీగ్రాముల లవణం ఉంటుంది. రాగి ముద్దలోనూ కాగితంలోనూ 5 మిల్లీలీటర్ల ద్రావణం నిలిచిపోయి ఆరితే 0.37 గ్రాముల లవణం రాగితో కలిసి తూగుతుంది. దిగుబడికి 16 శాతం అదనం! ఎంతసేపు ఆరబెట్టినా ఈ బరువు తగ్గదు. స్థిరమైన తూకం వచ్చింది కదా అని సంతృప్తి పడేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. రెండు మూడు సార్లు స్వేదనజలంతో కడిగి, చివరి కడుగునీటిలో బేరియం క్లోరైడ్ చుక్కలు వేసి తెల్లటి అవక్షేపం రాకపోతే సల్ఫేట్ పోయినట్టు.

మూడోది ఆక్సీకరణం. అప్పుడే ఏర్పడిన రాగి చాలా సన్నటి పొడి, గాలిలో వేడి చేస్తే నల్లబడుతుంది. రాగి మొత్తం క్యూప్రిక్ ఆక్సైడ్‌గా మారితే బరువు 25 శాతం పెరుగుతుంది, క్యూప్రస్ ఆక్సైడ్‌గా మారితే 12.6 శాతం. త్వరగా ఆరాలని ఓవెన్ వేడి పెంచితే ఈ ప్రమాదం పెరుగుతుంది. చివర ఆల్కహాల్‌తో కడిగి తక్కువ వేడి దగ్గర ఆరబెట్టడం మేలు. రంగు ఇక్కడ మంచి సాక్షి. సాల్మన్ చేప మాంసంలా లేత గులాబీ-నారింజ రంగులో ఉన్న పొడికీ ముదురు గోధుమ రంగు పొడికీ తూకం ఒకే భాష మాట్లాడదు.

ఈ అదనాలన్నీ నష్టాలతో కలిసే ఉంటాయి. బీకరు గోడకు అంటుకున్నది, వంపేటప్పుడు జారినది, కాగితపు రంధ్రాల్లోంచి పోయినది అంతా కలిపి 0.37 గ్రాముల రాగి పోయి, 0.37 గ్రాముల లవణం మిగిలితే దిగుబడి కచ్చితంగా 100 శాతం. రెండు పెద్ద తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. అందుకే కారణాలు రాసేటప్పుడు ప్రతి దోషానికీ దిశ చెప్పాలి: ఇది అంకెను పెంచుతుందా, తగ్గిస్తుందా? 106 శాతం వచ్చిన ఫలితం కింద "కొంత రాగి కిందపడింది" అని రాస్తే అది వివరణ అనిపించుకోదు.

0.01 గ్రాము వరకు చూపే త్రాసుతో తూస్తే, కాగితం బరువు తీసేయడం కూడా కలుపుకుని, 2.28 గ్రాముల్లో అర శాతానికి పైగా అనిశ్చితి ఉండనే ఉంటుంది. 90.1 శాతానికి, 90.4 శాతానికి మధ్య తేడా గురించి వాదించుకోవడం వృథా.

పక్కదారి పట్టే ఎలక్ట్రాన్లు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తూకం, శుభ్రతకు సంబంధించిన దోషాలు. రసాయనం స్వయంగా దిగుబడి తగ్గించే సందర్భం అల్యూమినియం. రియాక్టివిటీ శ్రేణిలో (లోహాలను చర్యాశీలత క్రమంలో పేర్చిన జాబితాలో) అది ఇనుముకు, జింకుకు పైన ఉంటుంది, కానీ కాపర్ సల్ఫేట్‌లో వేస్తే చాలాసేపు ఏమీ జరగదు. దాని మీదున్న ఆక్సైడ్ పొరే కారణం. క్లోరైడ్ అయాన్లు ఆ పొరను ఛేదిస్తాయి. అందుకే కాపర్ క్లోరైడ్ వాడతారు, లేదా సల్ఫేట్ ద్రావణంలో కాస్త ఉప్పు వేస్తారు. పొర విరిగాక చర్య ఉద్ధృతంగా సాగుతుంది, బుడగలు కూడా వస్తాయి.

ఆ బుడగలు హైడ్రోజన్. అల్యూమినియం వదిలిన ఎలక్ట్రాన్లన్నీ రాగి అయాన్లకే చేరడం లేదని, కొన్ని నీటిలోని హైడ్రోజన్ అయాన్లకు పోతున్నాయని దాని అర్థం. పదో వంతు అల్యూమినియం ఇలా ఖర్చయితే రాగి దిగుబడి 90 శాతం దాటదు. ఎంత బాగా వడపోసినా, ఎంత కడిగినా ఆ పది శాతం రాదు, ఎందుకంటే ఆ రాగి ఏర్పడనే లేదు.

ఉత్పన్నం వాయువైతే దోషాల స్వభావమే మారిపోతుంది. 0.050 గ్రాముల మెగ్నీషియం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చర్య జరిపితే వచ్చే హైడ్రోజన్‌ను మోల్‌కు 22.4 లీటర్ల లెక్కన చూస్తే 46.1 మిల్లీలీటర్లు. అది 0 డిగ్రీల అంకె. 25 డిగ్రీల దగ్గర, సాధారణ వాతావరణ పీడనంలో 50.3 మిల్లీలీటర్లు రావాలి. నీటి మీదుగా సేకరిస్తే నీటి ఆవిరి కూడా చోటు తీసుకుని గొట్టంలో 52 మిల్లీలీటర్లు కనిపిస్తాయి. ఈ సవరణలు చేయకుండా 52ను 46.1తో భాగిస్తే 113 శాతం. అక్కడ ఏ పదార్థమూ కల్తీ కాలేదు, ఎవరి చేయీ జారలేదు.

గనుల దగ్గర లెక్క

రాగి గనుల నుంచి వచ్చే నీటిని ఇనుప తుక్కు మీదుగా పారించి రాగిని తీసే పద్ధతి పాతది. చైనాలో సోంగ్ వంశ కాలంలోనే ఇది పెద్ద ఎత్తున సాగింది. దీన్ని సిమెంటేషన్ అంటారు. ప్రయోగశాలలోని చర్యే ఇది, కానీ అక్కడ అడిగే ప్రశ్నలు రెండు: నీటిలో ఉన్న రాగిలో ఎంత చేతికొచ్చింది, దానికోసం ఎంత ఇనుము ఖర్చయింది. సమీకరణం ప్రకారం కిలో రాగికి 0.88 కిలోల ఇనుము చాలు. వాస్తవంలో అంతకు మించే కరుగుతుంది, ఎందుకంటే గని నీటిలో ఆమ్లమూ ఉంటుంది, ఫెర్రిక్ అయాన్లూ ఉంటాయి. ఆమ్లం ఇనుమును కరిగించి హైడ్రోజన్ వదిలిస్తూ వృథా చేస్తుంది. ఒక్కో ఇనుప పరమాణువు రెండు ఫెర్రిక్ అయాన్లను ఫెర్రస్‌గా మార్చడంలో ఖర్చయిపోతుంది. రాగి మొత్తం బయటికి వచ్చినా ఇనుము వైపు నుంచి చూస్తే దిగుబడి తక్కువే.

బంగారం తీసే మెరిల్-క్రో పద్ధతిలోనూ ఇదే కథ. సయనైడ్ ద్రావణంలో కరిగిన బంగారాన్ని జింకు పొడి బయటికి నెడుతుంది. గ్రాము బంగారానికి సిద్ధాంతం ప్రకారం 0.17 గ్రాముల జింకు సరిపోతుంది, కానీ జింకు నీటితోనూ చర్య జరుపుతుంది కాబట్టి ఎక్కువే వేస్తారు. ద్రావణంలో కరిగిన ఆక్సిజన్ ఉంటే జింకు వృథాగా ఖర్చవడమే కాక, వచ్చిన బంగారం సయనైడ్‌లో మళ్లీ కరుగుతుంది. అందుకే జింకు వేయడానికి ముందే శూన్యపీడనంతో ద్రావణంలోని గాలిని లాగేస్తారు. మిగులు జింకును అవక్షేపంతో పాటే సేకరించి, ఆ తర్వాతి శుద్ధిలో తొలగిస్తారు. బంగారం లెక్క ఆ శుద్ధి అయ్యాకే తేలుతుంది.